వీపీఎన్ కొనే ముందు ఎవరిని నమ్మాలో తేల్చుకోవడం ఎలా

వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్ రాకపోకల్ని గుప్తంగా మార్చి వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే సర్వీసు. అది ఆన్ చేస్తే ఇక మనం ఏం చూస్తున్నామో ఎవరికీ తెలియదని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. ఇప్పటిదాకా మీరు ఏయే సైట్లకి వెళ్తున్నారో జియోకో ఎయిర్‌టెల్‌కో మీ వీధిలో ఫైబర్ కనెక్షన్ ఇచ్చినాయనకో తెలుస్తుంది, వీపీఎన్ పెట్టుకున్నాక వాళ్లకి కనపడటం ఆగిపోయి అదంతా వీపీఎన్ కంపెనీకి కనపడుతుంది. ఇంటర్నెట్ ఇచ్చే ఇక్కడి కంపెనీ అయితే దానికి లైసెన్సు ఉంది, ఆఫీసు ఉంది, గొడవైతే పట్టుకుని అడగొచ్చు. ప్లే స్టోర్‌లో తాళం బొమ్మ పెట్టుకుని, నాలుగున్నర స్టార్లతో కనిపించే ఫ్రీ యాప్ వెనక ఎవరున్నారో, ఏ దేశంలో కూర్చున్నారో మీకు తెలుసా? అందుకే స్పీడు, ఎన్ని దేశాల్లో సర్వర్లు, ఎంత డిస్కౌంటు అనేవి తర్వాత చూసుకోవచ్చు. ఆ కంపెనీ దగ్గరికి పోలీసులో కోర్టో హ్యాకరో వచ్చినప్పుడు కస్టమర్ల గురించి ఏం దొరికిందో ముందు చూడండి. కింద చెప్పిన వరసలో వెళ్తే ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

ముందు, మీకు ఎందుకు కావాలి?

ఇది తేల్చుకోకుండా నేరుగా కొనడానికి వెళ్లకండి, ఎందుకంటే అడిగేవాళ్లలో చాలామందికి అసలు వీపీఎన్ అవసరమే ఉండదు. రైల్వే స్టేషన్‌లో ఫ్రీ వైఫై వాడితే పాస్‌వర్డ్ పోతుందనే భయంతో అడుగుతుంటే, ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ మీదే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని పద్ధతిలోనే నడుస్తున్నాయి కాబట్టి అదే వైఫైలో ఉన్నవాడికి మీ పాస్‌వర్డ్ కనపడదు, మహా అయితే మీరు ఏ సైటు తెరిచారో తెలుస్తుంది. వాట్సాప్‌లో పెళ్లి కార్డు పేరుతో వచ్చిన ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ వేసే ఫైల్) నొక్కితే వీపీఎన్ కాపాడదు. ఓటీపీ చెప్పేస్తే కాపాడదు. గూగుల్‌లో, ఫేస్‌బుక్‌లో లాగిన్ అయి ఉంటే మీరెవరో వాళ్లకి తెలుస్తూనే ఉంటుంది. పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఆన్‌లో ఉంటే తెరుచుకోవడానికే ఒప్పుకోవు.

మరి ఎక్కడ పనికొస్తుందంటే, మీరు ఏ సైట్లు చూస్తున్నారో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకో హాస్టల్ వైఫై చూసేవాళ్లకో తెలియకూడదు అనుకున్నప్పుడు, మీరు చూసే సైట్లకి మీ అసలు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తించే నంబర్) దొరకకూడదు అనుకున్నప్పుడు, లేదా డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉండి, విదేశీ ఐపీకి తెరుచుకోని మన సైట్లలో పని చేసుకోవాల్సి వచ్చినప్పుడు. మీ అవసరం వీటిలో ఒకటైతే ముందుకు వెళ్దాం.

చట్టం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఇండియాలో వీపీఎన్ వాడటం నేరం కాదు, కాకపోతే జమ్మూ కశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో అప్పుడప్పుడు తాత్కాలిక నిషేధం ఉత్తర్వులు వస్తుంటాయి, అటు వెళ్లేవాళ్లు గమనించండి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. యూఏఈలో 2021 నాటి 34వ నంబర్ సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాన్ని దాచడానికో ఐపీ అడ్రస్ మార్చితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా ఉంటుంది, జైలు కూడా ఉండొచ్చు. అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి ఇంటికి ఫోన్ చేసుకోవడానికని ఏదో ఒక ఫ్రీ వీపీఎన్ వేసుకునేవాళ్లు ఎక్కువ. జగిత్యాల నుంచో కడప నుంచో వెళ్లి అక్కడ కష్టపడుతున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే, అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌తో సరిపెట్టుకోండి, జీతం మొత్తం పెట్టినా తీరని జరిమానా కోసం రిస్క్ తీసుకోకండి.

ఫ్రీ యాప్‌లని ముందే పక్కన పెట్టేయండి

సర్వర్లకీ బ్యాండ్‌విడ్త్‌కీ ప్రతి నెలా ఖర్చవుతుంది. మీరు కట్టడం లేదంటే ఆ డబ్బు ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఎక్కడి నుంచో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు, బయటపడ్డ కేసులే ఉన్నాయి.

2024 మేలో అమెరికా ప్రభుత్వం 911 ఎస్5 అనే బాట్‌నెట్‌ని, అంటే ఓనర్లకి తెలియకుండా నేరగాళ్ల చేతిలోకి వెళ్లిన కంప్యూటర్ల గుంపుని మూసేసింది. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్, షైన్ వీపీఎన్ లాంటి పేర్లతో ఫ్రీగా ఇచ్చిన ప్రోగ్రాములే దానికి దారి. వాటిని కంప్యూటర్‌లో వేసుకున్నవాళ్ల ఇంటర్నెట్ కనెక్షన్‌ని వాళ్లకి తెలియకుండానే నేరగాళ్లకి అద్దెకిచ్చారు. అలా వాడుకున్న ఐపీ అడ్రస్‌లు 190కి పైగా దేశాల్లో కోటీ 90 లక్షలకు పైనే. దీని అర్థం ఏంటో ఒక్కసారి ఆలోచించండి. ఎవడో ఎక్కడో కూర్చుని చేసిన మోసంలో మీ ఇంటి ఐపీ అడ్రస్ కనపడుతుంది, సైబర్ క్రైమ్ వాళ్లు ముందు వచ్చేది మీ ఇంటికే. నాకు తెలియదు సార్ అని నిరూపించుకునే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

పెద్ద పేరున్న కంపెనీ అయితే ఫర్వాలేదు అనుకోవడానికీ లేదు. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొని, మీ డేటాని కాపాడుతుందని చెప్పి ఫ్రీ వీపీఎన్ ఇచ్చింది. ఫోన్‌లో ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో ఆ దారిలోనే తెలుసుకుని తన వ్యాపారానికి వాడుకుంది. ఆ విషయంలో 2023లో ఆస్ట్రేలియా కోర్టు మెటా అనుబంధ సంస్థలకు 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. 2020లో హాంకాంగ్‌కి ముడిపడ్డ ఏడు ఫ్రీ వీపీఎన్ యాప్‌లు, మేం ఏ లాగ్స్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారనే రికార్డులు) పెట్టుకోం అని రాసుకున్నవే, వాడేవాళ్ల వివరాలున్న లాగ్స్‌ని పాస్‌వర్డ్ కూడా లేని సర్వర్ మీద వదిలేశాయి. 2025లో ఫ్రీవీపీఎన్ డాట్ వన్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్, మీరు తెరిచిన ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీసి పంపుతోందని భద్రతా పరిశోధకులు పట్టుకున్నారు. దానికి గూగుల్ ఇచ్చే ఫీచర్డ్ గుర్తు కూడా ఉంది! కాబట్టి స్టోర్‌లో ఉన్న బ్యాడ్జీ చూసో స్టార్లు చూసో మోసపోకండి.

డబ్బు కట్టలేని పరిస్థితి ఉంటే, డబ్బు కట్టే కస్టమర్ల మీద బతుకుతూ ఫ్రీ ప్లాన్ కూడా ఇచ్చే కంపెనీలు రెండు మూడున్నాయి. ప్రోటాన్ వీపీఎన్ ఫ్రీ ప్లాన్‌లో డేటాకి పరిమితి లేదు, దేశం మీరు ఎంచుకోలేరు, అంతే. విండ్‌స్క్రైబ్ ఈమెయిల్ ఇస్తే నెలకి 10 జీబీ ఇస్తుంది. ఈ రెండూ దాటి ఫ్రీ వైపు చూడొద్దనే నా సలహా.

ఓనర్ ఎవరో పట్టుకోండి

ప్లే స్టోర్‌లో యాప్ పేజీ కిందకి వెళ్తే డెవలపర్ వివరాలు ఉంటాయి. అక్కడ కంపెనీ పేరు, అడ్రస్ ఉన్నాయా? ఈమెయిల్ కంపెనీ సొంత డొమైన్‌దా, ఉత్త జీమెయిలా? ఆ తర్వాత వాళ్ల వెబ్‌సైట్‌లో నడిపేవాళ్ల పేర్లు, ఫొటోలు, ఏ దేశంలో రిజిస్టర్ అయ్యారో రాశారా చూడండి. కంపెనీ పేరుని గూగుల్‌లో కొట్టి, దాన్ని ఎప్పుడైనా ఎవరైనా కొన్నారా అని వెతకండి. ఓనర్ పేరు ఎక్కడా దొరకని యాప్‌ని అక్కడే వదిలేయండి, ఇంకో ప్రశ్న అక్కర్లేదు.

ఇది ఎందుకు ముఖ్యమో కేప్ టెక్నాలజీస్ అనే కంపెనీ కథ చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు క్రాస్‌రైడర్ అనే పేరుతో ఉండేది, బ్రౌజర్లలో యాడ్స్ చొప్పించే సాఫ్ట్‌వేర్‌కి ఆ ప్లాట్‌ఫామ్ వాడుకలో ఉండటంతో దానికి చెడ్డపేరు వచ్చింది. 2018లో పేరు మార్చుకుంది. వీపీఎన్ సర్వీసుల్లో సైబర్‌గోస్ట్‌ని 2017లో, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్‌ని 2019లో, ఎక్స్‌ప్రెస్ వీపీఎన్‌ని 2021లో సుమారు 93.6 కోట్ల డాలర్లకి కొనేసింది. అదే 2021లో వీపీఎన్‌మెంటార్, విజ్‌కేస్ అనే రివ్యూ సైట్లు నడిపే కంపెనీని కూడా కొన్నది. అంటే ఏ వీపీఎన్ మంచిదో చెప్పే సైటూ వాళ్లదే, అందులో మెచ్చుకున్న వీపీఎన్‌లూ వాళ్లవే. ఆ సర్వీసులు పనికిరావని నేను అనడం లేదు, వాటిలో కొన్నిటికి మంచి రికార్డే ఉంది, కింద చెప్తాను. కానీ టాప్ టెన్ వీపీఎన్‌లు అని వచ్చే లిస్టుల్ని ఇక ఎలా చదవాలో అర్థమైందిగా. మన యూట్యూబ్ ఛానెళ్లలో వచ్చే కూపన్ కోడ్‌లూ అంతే, మీరు ఆ కోడ్ కొట్టి కొన్న ప్రతిసారీ చెప్పినవాళ్లకి కమీషన్ వెళ్తుంది, అందుకని ఆ మాటని ప్రకటనగానే లెక్కేసుకోండి. నార్డ్, సర్ఫ్‌షార్క్ అనే వీపీఎన్‌లు కూడా 2022లో ఒకే గొడుగు కిందకి వచ్చాయి, రెండు వేర్వేరు కంపెనీల్ని పోల్చి చూస్తున్నామనే భ్రమలో ఉండకండి.

లాగ్స్ లేవంటున్నారు సరే, రుజువేది?

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. నో లాగ్స్ అని రాయని వీపీఎన్ సైటు మీకు దొరకదు. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక వేధింపుల కేసులో, లాగ్స్ పెట్టుకోం అని చెప్పుకునే ప్యూర్‌వీపీఎన్ దగ్గరి రికార్డులతోనే ఎఫ్‌బీఐ నిందితుడి ఇంటి, ఆఫీసు ఐపీలని జతచేయగలిగింది. వాడు దొరకడం మంచిదే, అందులో నాకే బాధా లేదు. కానీ లేవన్న రికార్డులు ఉన్నాయన్న సంగతి బయటపడింది కదా.

ఇంకోవైపు చూడండి. 2023 ఏప్రిల్ 18న స్వీడన్ పోలీసులు సెర్చ్ వారెంట్‌తో గోథెన్‌బర్గ్‌లోని ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకి వెళ్లారు, కస్టమర్ల డేటా ఉన్న కంప్యూటర్లు పట్టుకెళ్దామని. అలాంటి డేటా మా దగ్గర లేదని కంపెనీ వాళ్లు చూపించాక ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయారు. అది మాటలతో సాధ్యమైంది కాదు, ముల్వాడ్‌లో చేరడానికి పేరు అక్కర్లేదు, ఈమెయిల్ అక్కర్లేదు, 16 అంకెల నంబర్ ఒకటి ఇస్తారు, అదే మీ అకౌంట్. ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమన్నా ఉంటే కదా! 2016 డిసెంబర్‌లో అంకారాలో రష్యా రాయబారి హత్య కేసులో టర్కీ అధికారులు ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ సర్వర్‌ని పట్టుకుంటే అందులో పనికొచ్చే వివరాలు దొరకలేదు. ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ 2016లోనూ 2018లోనూ అమెరికా కోర్టు కేసుల్లో, ఇవ్వడానికి లాగ్స్ లేవనే చెప్పింది. ఈ రెండూ కేప్ కొనకముందు సంగతులని మాత్రం గుర్తుంచుకోండి.

ఇలాంటి పరీక్ష ఎదురవ్వని కంపెనీ అయితే ఆడిట్, అంటే బయటి సంస్థ చేసిన తనిఖీ చూడాలి. ఆడిట్ అయింది అనే ముక్క ఒక్కటే చాలదు. ఎవరు చేశారు, ఏ సంవత్సరం చేశారు, యాప్‌ని మాత్రమే చూశారా సర్వర్లలో లాగ్స్ ఉన్నాయో లేదో కూడా చూశారా, రిపోర్టు మనం చదవగలమా అనేవి చూడండి. ప్రోటాన్‌కి సెక్యూరిటమ్, నార్డ్‌కి డెలాయిట్, ఎక్స్‌ప్రెస్‌కి కేపీఎంజీ ఇలా చేశాయి. నాలుగేళ్ల కిందటి ఒక్క ఆడిట్ చూపించి ఇప్పటికీ గొప్పలు చెప్పుకునేవాళ్లని పెద్దగా లెక్కలోకి తీసుకోవద్దు.

ప్రైవసీ పాలసీ మొత్తం చదవక్కర్లేదు, పేజీలో వెతికే ఆప్షన్ వాడి ఐపీ అడ్రస్, టైమ్‌స్టాంప్, థర్డ్ పార్టీ, అఫిలియేట్ అనే ఇంగ్లిష్ మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో చూడండి. ఈమెయిల్, పేమెంట్ వివరం, నెలలో వాడిన మొత్తం డేటా దాచుకుంటామంటే ఇబ్బంది లేదు. మీ అసలు ఐపీ, కనెక్ట్ అయిన సమయం రెండూ కలిపి దాచుకుంటామన్నా, చూసిన సైట్ల పేర్లు దాచుకుంటామన్నా ఆ ట్యాబ్ మూసేయండి.

ఏదైనా తప్పు జరిగినప్పుడు ఎలా ప్రవర్తించారో కూడా వెతకండి. 2018లో ఫిన్లాండ్‌లో నార్డ్‌కి చెందిన ఒక సర్వర్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు, కస్టమర్లకి తెలిసింది 2019 అక్టోబర్‌లో. ఆ తర్వాత హార్డ్ డిస్క్ లేకుండా ర్యామ్ మీదే నడిచే సర్వర్లకి మారారు, అంటే కరెంటు తీస్తే అందులో ఏదీ మిగలదు. మార్పు మంచిదే, చెప్పడానికి పట్టిన టైమ్ మంచిది కాదు.

ఇండియా సర్వర్ గురించి

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ పేరు, అడ్రస్, ఫోన్, ఈమెయిల్, ఇచ్చిన ఐపీలు, ఎందుకు తీసుకుంటున్నారనే కారణం కనీసం 5 ఏళ్లు దాచాలి, మీరు మానేశాక కూడా. ఇది ఒప్పుకోలేక ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ప్రోటాన్ అదే సంవత్సరం ఇక్కడి సర్వర్లు తీసేశాయి. ఇప్పుడు ఇండియా అని కనిపించే వాటి సర్వర్లు సింగపూర్ లాంటి చోట్ల ఉండి ఇండియన్ ఐపీ ఇస్తాయి, కొంచెం నెమ్మదిగా ఉంటే కంగారు పడకండి. ఏదైనా కంపెనీ మాకు ముంబైలో సొంత సర్వర్ ఉంది అని గర్వంగా చెప్తే, ఈ ఆదేశాల్ని ఎలా పాటిస్తున్నారని వాళ్ల సపోర్ట్‌కి రాసి అడగండి. జవాబు తిన్నగా లేకపోతే అదే జవాబు.

2025 జనవరి మొదట్లో క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1, హైడ్.మీ లాంటి కొన్ని యాప్‌లు ఇండియాలో యాప్ స్టోర్ల నుంచి మాయమయ్యాయి. డబ్బు కట్టేముందు మీ ఫోన్ స్టోర్‌లో ఆ యాప్ దొరుకుతోందో లేదో చూసుకోండి. దొరకలేదని టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పెట్టిన ప్రీమియం మోడ్ ఏపీకే (డబ్బు కట్టకుండా వాడేలా ఎవరో మార్చిన యాప్) మాత్రం వేసుకోకండి, మీ ట్రాఫిక్ అంతా ఎవరో తెలియనివాడి చేతిలో పెట్టినట్టే.

కనెక్ట్ అయ్యే పద్ధతుల్లో (ప్రోటోకాల్) యాప్‌లో వైర్‌గార్డ్ గానీ ఓపెన్‌వీపీఎన్ గానీ ఉండాలి, పాతబడిన పీపీటీపీ ఒక్కటే ఉంటే వద్దు. వీపీఎన్ తెగిపోతే ఇంటర్నెట్‌ని ఆపేసే కిల్ స్విచ్ ఉండాలి. యాప్ కోడ్ ఓపెన్ సోర్స్ (ఎవరైనా చదవగలిగేలా బయటపెట్టినది) అయితే ఇంకా మంచిది. కాంటాక్టులు, ఎస్ఎంఎస్ పర్మిషన్ అడిగితే తీసేయండి, వీపీఎన్‌కి వాటితో పనేంటి? మిలిటరీ గ్రేడ్ అనే మాటని అసలు పట్టించుకోకండి, ఏఈఎస్-256 అనే గుప్తీకరణ పద్ధతి అందరూ వాడేదే.

డబ్బు కట్టేటప్పుడు

ఒక్క నెలకే తీసుకోండి. రెండేళ్ల ప్లాన్ నెలకి లెక్కేస్తే చవకగా కనపడుతుంది, గడువు అయిపోయాక రెన్యువల్ రేటు ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవండి. లైఫ్‌టైమ్ ప్లాన్ అస్సలు వద్దు. 2025లో వీపీఎన్‌సెక్యూర్ కొత్త ఓనర్లు, పాతవాళ్లు అమ్మిన లైఫ్‌టైమ్ అకౌంట్లని రద్దు చేసేశారు. ముల్వాడ్ 2009 నుంచీ నెలకి 5 యూరోలే, మన డబ్బుల్లో సుమారు 500 రూపాయలు, ఆఫర్లు లేవు, పెంపూ లేదు. విదేశీ కంపెనీకి కార్డుతో కడితే బ్యాంకు ఫారెక్స్ చార్జీ, 18 శాతం జీఎస్టీ కలిసి చూపించిన రేటు కంటే ఎక్కువ పడొచ్చు. నన్నడిగితే గోప్యతే ముఖ్యమైనవాళ్లకి ముల్వాడ్, అదీ ఇదీ అన్నీ కావాలనుకునేవాళ్లకి ప్రోటాన్.

కొన్నాక ఇంట్లోనే పరీక్ష

వైఫై ఆపి మొబైల్ డేటా మీద, వీపీఎన్ ఆన్ చేయకుండా బ్రౌజర్‌లో ఐపీలీక్ డాట్ నెట్ తెరవండి. రెండు రకాల అడ్రస్‌లు కనపడతాయి, ఒకటి చుక్కలతో ఉండే చిన్నది, రెండోది కోలన్‌లతో ఉండే పొడుగైన ఐపీవీ6. జియో అయితే ఆ పొడుగుది సాధారణంగా 2409తో, ఎయిర్‌టెల్ అయితే 2401తో మొదలవుతుంది. స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇప్పుడు వీపీఎన్ ఆన్ చేసి పేజీ రిఫ్రెష్ చేయండి. చిన్న అడ్రస్ మారిపోయి పొడుగుది అలాగే ఉంటే మీ వీపీఎన్ లీక్ అవుతోంది, అంటే మీ అసలు అడ్రస్ బయటికి పోతోంది. మన మొబైల్ నెట్‌వర్క్‌లు ఎక్కువగా ఐపీవీ6 మీదే నడుస్తాయి కాబట్టి ఈ లీక్ ఇక్కడివాళ్లకి పెద్ద సమస్య, విదేశీ రివ్యూల్లో దీని గురించి అంతగా కనపడదు. అదే పేజీలో కిందకి వెళ్తే డీఎన్ఎస్ సర్వర్ల (సైటు పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చి చెప్పే సర్వర్లు) లిస్టు ఉంటుంది, అందులో జియో, ఎయిర్‌టెల్ పేర్లు కనపడినా లీకే.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ సెర్చ్‌లో వీపీఎన్ అని కొట్టి, మీ యాప్ పేరు పక్కన గేర్ గుర్తు నొక్కితే ఆల్వేస్-ఆన్ వీపీఎన్, బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్ అని రెండు ఉంటాయి. రెండూ ఆన్ చేయండి. రెడ్‌మీ, వివో, ఒప్పో ఫోన్లు బ్యాటరీ ఆదా చేద్దామని బ్యాక్‌గ్రౌండ్‌లో యాప్‌ని చంపేస్తుంటాయి, అందుకని బ్యాటరీ సెట్టింగ్‌లో ఆ యాప్‌కి నో రెస్ట్రిక్షన్స్ పెట్టండి. పెట్టాక వైఫై నుంచి మొబైల్ డేటాకి మారుతూ, ఫోన్ గంటసేపు పక్కన పెట్టి తీస్తూ, పైన తాళంచెవి గుర్తు అలాగే ఉందో లేదో చూడండి.

ఇవన్నీ రిఫండ్ గడువులోపే చేసేయండి. చాలా కంపెనీలకి 30 రోజులు ఉంటుంది, ముల్వాడ్‌కి 14 రోజులు. లీక్ కనపడితే స్క్రీన్‌షాట్లు పంపి సపోర్ట్‌ని అడగండి, సరిచేయలేకపోతే డబ్బు వెనక్కి అడగండి. నచ్చి ఉంచుకున్నా సరే, అకౌంట్‌లోకి వెళ్లి ఆటో రెన్యువల్ ఆఫ్ చేయండి, మళ్లీ కట్టేముందు ఆ కంపెనీ ఓనర్ మారాడేమో ఇంకోసారి వెతకండి.